ఆకలి హద్దు లేని వేట

ఏప్రిల్ నెల. పొద్దు ఇంకా పొడవలేదు. గోరంట్ల దాటి చిత్రావతి వైపు నడుస్తున్నారు మీరు. వేరుశనగ చేలన్నీ బీడు పడ్డాయి. కాళ్ల కింద ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా కంపచెట్లు. ఉన్నట్టుండి కుళ్లు వాసన ముక్కుకు తగులుతుంది. దారి పక్క గుంతలో కోళ్ల అంగళ్ల నుంచి తెచ్చి పోసిన ఈకలు, పేగులు. చుట్టూ కుక్కలు. తిన్నవి ఒళ్లు విరుచుకుంటున్నాయి. ఓ నాలుగైదు మాత్రం బీడులోకి దిగాయి. వాటి వెనకే వెళ్లండి.

తీతువు పిట్ట గోలపెడుతూ పైకి లేస్తుంది. ముక్కు మొదట్లో పసుపు తోలు వేలాడే రకం ఇది. గూడు కట్టదు. రాళ్ల మధ్య చిన్న గుంట చేసి మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు, మీద నల్లమచ్చలు. మీ కాలి పక్కనే ఉన్నా ఆనవాలు పట్టలేరు. కానీ కుక్క వెతికేది కంటితో కాదు, ముక్కుతో. ఆడా మగా రెండూ కుక్కల నెత్తిమీదికి దూసుకొస్తాయి, అరుస్తాయి, మళ్లీ దూసుకొస్తాయి. కింద రెండు పెంకు ముక్కలు మిగులుతాయి.

ఎదురుగా మంద తోలుకొస్తున్న గొర్రెల కాపరి ఆగుతాడు. "తోడేలైతే ఒకదాన్ని ఎత్తకపోయి తింటాది సార్. ఈటికి కడుపు నిండే ఉంటాది. పిల్లల్ని ఊరికే కొరికి పారేస్తాయి."

అతనన్న మాటలోనే అసలు సంగతి ఉంది. తోడేలుకూ గుంటనక్కకూ ఆకలే హద్దు. వేట తగ్గితే వాటి పిల్లలూ తగ్గుతాయి, ఆ సందులో కుందేళ్లూ కౌజులూ కోలుకుంటాయి. కుక్కకు ఆ హద్దు లేదు. బీడులో ఒక్క పిట్ట మిగలకపోయినా గుంతలో పేగులు ఉంటాయి. ఇలాంటి వేటకు ఉదాహరణగా, గువామ్ దీవి అడవుల్లో ఉన్న 12 పక్షి జాతుల్లో 10 జాతులను బయటినుంచి వచ్చిన గోధుమరంగు చెట్టుపాము మింగేసిందని లోకమంతా చెప్పుకుంటుంది. మన బయళ్లకు మన వెంటే నడిచొచ్చిన వేటజంతువును మాత్రం లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ.

బెంగళూరులోని అట్రీ అనే పర్యావరణ సంస్థ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో దేశంలో కుక్కలు 80 జాతుల వన్యప్రాణులపై దాడి చేస్తున్నట్టు తేలింది. వాటిలో 31 జాతులు ఇప్పటికే ముప్పులో ఉన్నవి. చంపడమే కాదు. మహారాష్ట్రలోని నన్నజ్ గడ్డిబయళ్లలో గుంటనక్కలు కుక్కలున్న చోట మేతకు రావడానికే జంకుతాయని గమనించారు. కుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ జబ్బులు అడవి జంతువులకు పాకుతాయి. 2023లో పుణె దగ్గర తోడేలుకూ కుక్కకూ పుట్టిన సంకర సంతతి జన్యు పరీక్షల్లో రుజువైంది. మన మెట్ట తోడేలు రక్తంలోనే కల్తీ చేరడమిది.

మనకు ఉత్తరాన, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం ఏర్పరిచారు. ఆ పక్షి నేలమీద పెట్టేది మామూలుగా ఒక్కటే గుడ్డు. ఇప్పుడక్కడ బట్టమేక దాదాపు కనుమరుగైంది. బీళ్లు దున్నేయడం మొదలు కారణాలు చాలా ఉన్నాయి. కానీ నేలమీద గుడ్డు పెట్టే ఏ పక్షికైనా ఒక కుక్క, ఒక ఉదయం చాలు.

కుక్కను కొట్టమనీ చంపమనీ నేను అనను. ఆ గుంపును పెంచింది మన చెత్త. 2023 నాటి నియమాల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. అయితే ఆపరేషన్ చేసిన కుక్కను తిరిగి అదే చోట వదలాలి కాబట్టి, తిండిగుంత ఉన్నంతకాలం బీడుకు కాపుదల లేదు. పెంపుడు కుక్క ఉన్నవాళ్లు మార్చి నుంచి జూలై దాకా, పిట్టలు గుడ్లు పెట్టే కాలంలో, దాన్ని చేలగట్ల మీద వదలకండి. కోళ్ల వ్యర్థాలు లోతుగా పూడ్చి మట్టి కప్పించమని మీ పంచాయతీని ఈ వారమే అడగండి.