నీడయు నిజమును

నల్లగొండ పట్టణమునకు సమీపమున పానగల్లున్నది. కందూరు చోడులు ఏలిన కాలమున ఇది గొప్ప నగరము. నేడు చెరువుగట్టు క్రింది పొలముల నడుమ ఆనాటి ఆలయములు మాత్రము నిలిచియున్నవి. వానిలో ఛాయాసోమేశ్వరాలయము త్రికూటము. మూడు గర్భగృహములు ఒకే మండపమునకు తెరచియుండును. పడమటి గర్భగృహమున లింగము వెనుకనున్న గోడపై ఒక స్తంభపు నీడ పగలెల్ల కదలక నిలుచును. ప్రొద్దు తూర్పున నున్నను, నడినెత్తికి వచ్చినను, పడమటికి వ్రాలినను ఆ నీడ చోటు మారదు. ఏ స్తంభపు నీడయో చూచి తెలిసికొందమని చేయి అడ్డము పెట్టి వెదకని యాత్రికుడు అరుదు.

భక్తుడు దీనిని స్వామి మహిమ యనును. భౌతికశాస్త్ర మెరిగినవాడు వేరొక మాట చెప్పును. లోపలికి వచ్చునది తిన్నని యెండ కాదు, ఆకాశమున చెదరి, మండపపు తెరపులగుండ చొచ్చిన వెలుతురు. ఆ వెలుతురు త్రోవలు మారవు గనుక స్తంభము లడ్డగించుటచే కలుగు నీడయు మారదు. స్తంభములను నిలుపుటలో స్థపతి వేసిన లెక్క సామాన్యమైనది కాదని మా యభిప్రాయము. అయినను, నీడ యున్నదన్న మాట యిద్దరికిని సమ్మతమే. కన్ను చూచిన దొక్కటే; దాని వెనుక నున్న దేమి యన్నచోటనే మాట వేరగుచున్నది.

చూచినదానికిని ఉన్నదానికిని గల యీ యంతరమును గూర్చి మన కృష్ణాతీరము ఏనాడో ఆలోచించినది. నల్లగొండ జిల్లా దక్షిణపు టంచున, నది కావలియొడ్డున, క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లెను. ఆ వంశకర్త వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ మాచరించిన వైదికుడు, మహాసేనుని భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమునకు స్తంభములు నిలిపిన దాత్రి. ఒక్క యింట యజ్ఞవేదికయు చైత్యమును చోటు చేసికొన్నవి. ఆ వంశపు రుద్రపురుషదత్తుని కాలపు శాసనమొకటి ఫణిగిరి కొండమీద దొరకినది. ఫణిగిరి అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది, 2016 నుండి సూర్యాపేట జిల్లాలోనిది.

విజయపురి కొండకు పేరైన ఆచార్య నాగార్జునుడు సత్యము రెండు విధములని బోధించెను. లోకము తన వ్యవహారమునకై నమ్మునది సంవృతి సత్యము. దాని కావలిది పరమార్థ సత్యము. మూలమధ్యమక కారికల 24వ ప్రకరణమున ఈ విభాగ మున్నది. ఇందు పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. సంవృతి యనగా అబద్ధమని త్రోసివేయుట కాదు. దానిని ఆశ్రయింపక పరమార్థమును చెప్పుటయే సాధ్యము కాదని ఆయన మతము. ఇంతకంటె సాహసమైన మాట మరియొకటి కలదు: తాను బోధించిన శూన్యతనే ఒక సిద్ధాంతముగా పట్టుకొని వ్రేలాడువానికి చికిత్స లేదనెను. తన మతమును గూర్చి తానే యిట్లు హెచ్చరించిన ఆచార్యులు ఎందరు? తరువాతి శతాబ్దులలో శంకరాద్వైతముకూడ వ్యావహారిక పారమార్థికములను వేరుపరచెను గాని, అది వేరు కథ.

జైనులు ఇదే ముడిని మరియొక విధముగ విప్పిరి. వస్తువునకు అనంతధర్మములు కలవు. ఒక్కొక్కరి చూపున కొక్కొక ధర్మము తోచును. కావున ప్రతి మాటకు ముందు ‘ఒక విధముగా’ యని చేర్చుకొనవలెనని వారి అనేకాంతవాదము. ఆ జైనులకు మన సీమలో ప్రాచీన క్షేత్రము కొలనుపాక. పూర్వము నల్లగొండ జిల్లాలోను, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోను ఉన్న ఈ గ్రామము కల్యాణి చాళుక్యుల నాడు మహానగరము. ఆదినాథుని మాణిక్యదేవుడని అచ్చట కొలుతురు. ఆ యూరనే సోమేశ్వరలింగమునుండి రేణుకాచార్యుడు ఉద్భవించెనని వీరశైవుల విశ్వాసము. ఒకే నేల ఇద్దరికి పుణ్యభూమి. ఒకరి చూపున తీర్థంకరుని స్థానము, మరొకరి చూపున జగద్గురుని పుట్టిల్లు.

ఈ రెండు చూపులు ఎల్లప్పుడు శాంతముగా ప్రక్కప్రక్కన నిలువలేదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో చందవోలు సభలో వాదమున నోడిన బౌద్ధాచార్యుని శివభక్తులు చంపుటయు, రాజు పండితుని కన్నులు తీయించుటయు వర్ణితములు. అది కావ్యమందురా? శిలాక్షరములును కలవు. పాలమూరు యాత్రికులు నల్లమల దాటి చేరు శ్రీశైలమున మల్లికార్జునాలయ ముఖమండపమందలి 1512 నాటి శాసనమున లింగడను వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికించుటను తన పుణ్యకార్యములలో నొకటిగా చెక్కించుకొనెను. మహాపాపముగా దాచుకొనవలసిన పనిని దేవుని యెదుట పుణ్యముగా ప్రకటించెననగా, ఆ నాయకుడు తాను కన్నదానికిని పరమార్థమునకును నడుమ వెండ్రుకవాసి యెడమైన నుంచుకొనలేదన్నమాట. న్యాయముగా చెప్పవలెనన్న, అనేకాంతమును బోధించిన జైన పండితులుకూడ వాదసభలలో తమ దర్శనమే సమగ్రమని నిలువబడినవారే. కాని వాదము వేరు, వధ వేరు.

కొలనుపాకకు పోవువారు జైనమందిరమును దర్శించి తిరిగి వచ్చుట పరిపాటి. సోమేశ్వరాలయపు ఆవరణలోనికికూడ అడుగుపెట్టవలెనని మా మనవి. ఆ యూర లభించిన శిల్పములను అచ్చటనే ప్రదర్శనశాలగా కూర్చినారు. శైవ విగ్రహములు, తీర్థంకర మూర్తులు, వీరగల్లులు, శాసనములు ఒకే ఆవరణలో నున్నవి. ఊరివారు సోమేశ్వరునికి పూజ చేసి, ఆ మూర్తుల నడుమ నుండియే ఇండ్లకు పోవుచుందురు.