వీధి గోడమీది వ్రాత

పదిమంది నడచు త్రోవలో పదిమంది కంటబడునట్లు ఒక మాట వ్రాయుట కెవరికి హక్కు కలదు? ఆ వ్రాతకు పూచీ యెవరు? ఇది పురపాలక సంఘముల కచ్చేరీలలో నిన్నమొన్న పుట్టిన ప్రశ్నయని పలువురు తలంతురు. కాని దీని వయస్సు రెండువేల రెండువందల యేండ్లకు పైబడినది. దీనికి పాతసాక్ష్యము లోకమంతయు వెదకనక్కఱలేదు. మన కర్నూలు, కడప సీమలయందే కలదు.

గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో, జొన్నగిరికి చేరువను, ఎఱ్ఱగుడి యను పల్లె కలదు. అచటి గుండ్లమీద అశోక చక్రవర్తి క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో తన ధర్మాజ్ఞలను చెక్కించెను. పదునాలుగు పెద్ద శాసనములును చిన్న శాసనములును ఒక్కచోటనే యుండుట దీని విశేషము. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, మఱికొన్ని కుడినుండి ఎడమకును నడచుచున్నవి. మేము మా విద్యార్థులను కొందఱిని వెంటబెట్టుకొని ఆ గుండ్లను చూడబోయినప్పుడు, రజ్జుకులను నుద్యోగులు భేరి మ్రోగించి ఈ యాజ్ఞను జానపదులకు తెలుపవలెనని అందు వ్రాసియున్నదని వారికి చెప్పితిమి. ఒక బాలుడు వెంటనే, “సార్, ఇంత కష్టపడి రాతి మీద చెక్కిచ్చి, మళ్లా దండోరా ఎందుకు?” అని యడిగెను. చదువు రానివాడును ఆ పల్లెలో నుండెను గనుక, అని మేము బదులు చెప్పితిమి. బహిరంగముగా వ్రాయువాని మొదటి ధర్మ మిదియే. వ్రాసినంతమాత్రమున చాలదు, ఎవరి కొఱకు వ్రాయబడెనో వారికి అది తెలియవలెను. ఆ మాట యెవరిదో కూడ అందే తెలియవలెను.

ఈ ధర్మమును మన కడప సీమ మఱియొక యడుగు ముందునకు నడపినది. ఎఱ్ఱగుంట్ల చేరువనున్న కలమళ్ల గ్రామమున రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము కలదు. క్రీస్తుశకము 575 ప్రాంతమున వేయబడిన ఈ శాసనమును తొలి తెలుగు శాసనముగా పండితు లెంచుచున్నారు. అంతకు ముందు ఏలికలు ప్రాకృతముననో సంస్కృతముననో రాళ్లమీద మాటలాడుచుండిరి. రేనాటి రాజు ప్రజల నోటనున్న మాటను రాతి కెక్కించెను. సంస్కృతము చదివి, దానినే పిల్లలకు చెప్పి బ్రదుకుచున్న మేము ఈ మాటను సంతోషముతోనే చెప్పుచున్నాము. ఊరివారి నుద్దేశించిన వ్రాత ఊరి భాషలో నుండుట న్యాయము. ఆ శాసనము చివర శిథిలమైన యక్షరముల నడుమ పాతకశబ్దము నేటికిని కనబడుచున్నది. పాతశాసనముల చివర, దీనిని చెఱచినవాడు పాపమున బోవునని శాపము పెట్టుట వాడుక. ఆనాటికి కమీషనరు లేడు, జరిమానా లేదు. నిబంధనను కాపాడుటకు పాపభీతియే కావలి.

కాలము మాఱినది. 1800లో కడప సీమయు, 1839లో కర్నూలును కుంఫిణీవారి చేతికి వచ్చెను. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టము వెంబడి 1866లో కర్నూలునందును, 1868లో కడపయందును పురపాలక సంఘము లేర్పడెను. వీధి యిప్పుడు రాజుదిగాక ఊరివారి యుమ్మడి సొత్తయ్యెను. 1920 నాటి జిల్లా పురపాలక సంఘముల చట్టము వీధిపైకి పొడుచుకొనివచ్చు అడ్డంకులను తీసివేయించు నధికారమును సంఘములకు ఒసగెను.

ఇట్టి యధికార మెందులకని యడుగువారు లండను చరిత్ర చూడవలెను. అచటి యంగళ్లవారు తమ గుర్తులను పెద్దపలకలపై చిత్రించి, ఇనుప కడ్డీలతో వీధి నడుమకు వ్రేలాడదీయుచుండిరి. 1718లో అట్టి పలక యొకటి కూలి, గోడ ముఖమును లాగికొని పడగా నలుగురు మరణించిరి. పారిసు నగరమున 1761లోను, లండనులో 1762 మొదలుకొనియు, వ్రేలాడు పలకలను తీసి గోడకు ఆనించి బిగింపవలెనని కట్టుదిట్టము చేసిరి. కాబట్టి పలకల నిబంధనలు అధికారుల యహంకారమున పుట్టినవి గావు. దారిన పోవువాని తలను కాచుటకు పుట్టినవి.

మన రాష్ట్రమున 1965 నాటి పురపాలక సంఘముల చట్టము ఈ విషయమును వివరముగా చెప్పినది. పరులకు కనబడునట్లు నేలమీదగాని, గోడమీదగాని, కట్టడముమీదగాని ప్రకటన నిలుపువాడు పన్ను చెల్లింపవలెను. కమీషనరుయొక్క వ్రాతమూలక మైన యనుమతి పొందవలెను. అనుమతి పొందిన పిమ్మట ప్రకటనను ముఖ్యముగా మార్చినను, ప్రమాదవశమున గాక అది కూలినను, అనుమతి చెల్లదు. ప్రకటన యెవరిదైనను, అది నిలిచిన స్థలపు యజమానుడు కూడ దానికి పూచీ వహింపవలెను. మా గోడపై వ్రాసినవా డెవడో మే మెఱుగమని గృహస్థుడు తప్పించుకొనుటకు వీలులేదు.

ఈ చట్టములోని మినహాయింపులు మఱింత ఆలోచింపదగినవి. తన యంగడిలోని వ్యాపారమును తన యంగడిమీదనే తెలుపు పలకకు పన్ను లేదు. అయితే అది ఇంటికప్పు మీద ఆకాశమున కెత్తి నిలిపిన పలక కాగూడదు. బహిరంగసభను, ఎన్నికను, అభ్యర్థిత్వమును తెలుపు ప్రకటనలకును పన్ను లేదు. తన యింటి పేరు చెప్పుకొనుటకును, ప్రజలు కూడి రాజ్యవిషయములు చర్చించుకొనుటకును సుంక ముండరాదని శాసనకర్తలు తలంచిరి. ఇది యుదారమైన తలంపు. కాని నేడు మన కూడళ్లలో నిండినవి సభల ప్రకటనలా? పుట్టినరోజులు, గృహప్రవేశములు, పెండ్లిండ్లు, నాయకుని యూరి ప్రవేశము: ఇవి యంగడి పలకలును గావు, ఎన్నిక ప్రకటనలును గావు. ఏ మినహాయింపు నీడను ఇవి నిలిచియున్నవి?

నిబంధనలకు కొఱత లేదు. బహిరంగస్థలముల యందము చెఱచు ప్రకటనలను నిషేధించుచు 1997లో ప్రత్యేక చట్టము వచ్చెను. అంగళ్ల పేరుపలక తెలుగున నుండవలెననియు, ఇతరభాషలు వాడినచో తెలుగు క్రింద నుండవలెననియు దుకాణముల చట్టపు నియమములు చెప్పుచున్నవి. కలమళ్ల రాయి చెప్పిన ధర్మమే పదునాలుగు శతాబ్దులకు నియమావళి కెక్కినది. 1994లో కర్నూలును, 2004లో కడపయు నగరపాలక సంస్థలయ్యెను. అనుమతి కోరవలసిన బాధ్యత మాత్రము మాఱలేదు. 2016లో రాజ్యాంగమునకు చేసిన నూటయొకటవ సవరణతో ప్రకటనలపై పన్ను వేయు అధికారమును తెలుపు పద్దు రాష్ట్రజాబితానుండి తొలగింపబడెను. పన్ను పోయినంతమాత్రమున పూచీ పోదు. పలక యెంత పెద్దది, గాలి కాగునా, దారి కడ్డమా యను విచారణ అట్లే నిలిచియున్నది.

ఆ విచారణ లేనిచోట ఏమగునో ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. 2019 సెప్టెంబరు 12వ తేదీన చెన్నపట్టణమున పల్లికరణై యొద్ద, ఒక పెండ్లికై యనుమతి లేక రహదారి నడుమ కట్టిన బ్యానరు ద్విచక్రవాహనముపై పోవుచున్న యువతిమీద పడెను. ఆమె క్రిందపడగా వెనుక వచ్చు లారీ యామె ప్రాణము దీసినది. 2024 మే 13వ తేదీన ముంబయి ఘాట్‌కోపరులో పెనుగాలికి ప్రకటన పలక పెట్రోలు బంకుమీద కూలి 17 మంది మరణించిరి. అచటి నిబంధన 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు మించరాదని చెప్పుచుండగా, ఆ పలక ప్రతివైపును 120 అడుగు లుండెను. వేసవి చివర వడగాలియు, సుడిగాలియు మన రాయలసీమకు క్రొత్తవి గావు. గుడ్డపై అచ్చొత్తి వెదురుకఱ్ఱలకు కట్టిన ఫ్లెక్సీకి ఆ గాలి తెరచాపవంటిది.

ఎఱ్ఱగుడినుండి తిరిగివచ్చిన సాయంకాలము మేము చూచిన దొకటి చెప్పి ముగింతుము. ఒక పాఠశాల ముంగిట ఎవరి పుట్టినరోజుకో కట్టిన ఫ్లెక్సీ ఆ పాఠశాల పేరును కప్పివేసినది. శుభాకాంక్షలు తెలిపినవారి ముఖములు అనేకములు గలవు; అనుమతి సంఖ్య మాత్రము మాకు కనబడలేదు. ఉదయము రాతినిగూర్చి యడిగిన ఆ బాలుడే, “దీన్ని కట్టినోళ్లను ఎవురు అడగల్ల సార్?” అనెను. కమీషనరు అడుగవలెనని మొదట చెప్పబోయితిమి. కాని నోట మాట నిలిచినది. కొన్ని నెలల క్రిందట మా దాయాదుల యింటి పెండ్లికి వీధి మలుపున ఫ్లెక్సీ కట్టినపుడు, దానిలో మా ముఖమును ఉండెను. అనుమతి యెవరును అడుగలేదు. మేమును అడుగుమని చెప్పలేదు. చుట్టములు నొచ్చుకొందురని యూరకుంటిమి.

చదువరులారా, పెండ్లికి పిలుపుచీటి చాలును. గుమ్మమునకు మామిడాకుల తోరణము చాలును. మీ యింటి శుభకార్యమునకు కూడలిలో ఫ్లెక్సీ కట్టింతుమని మీ పిల్లలు పట్టుపట్టినపుడు, ఇంటిపెద్దలుగా మీరే మొదట వద్దనుడు. మీ గోడమీద ఇతరులు కట్టబోవునపుడు అనుమతిపత్రము చూపుమనుడు. ఆ బాలునికి ఆనాడు మేము చెప్పవలసియుండిన బదులు ఇదియే: “మొదట నేను అడగల్ల నాయనా.” మఱునాడు తరగతిలో ఆ మాట వానితో చెప్పితిమి.