వాడకట్టుకంతా బిస్కెట్లు

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. మీరు ఫోన్ల ఆర్డర్ పెట్టిన బిస్కెట్ డబ్బా చూసిన, మంచిగనే ఉన్నయి. కానీ మనింట్ల క్రిస్మస్ బిస్కెట్లు ఎట్ల అయితుండెనో మీకు తెల్వాలె. ఇంకో రెండు కట్టెలు వెయ్యిర్రి, చెప్త.

మేము పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల. అక్కడి వర్క్‌షాపు నిజాం రైల్వే కాలంది, 1893ల పెట్టిండ్రు. మా తాత అండ్లనే చేసిండు, మా నాయిన అండ్లనే ఫిట్టర్. 1966ల సికింద్రాబాద్ హెడ్ ఆఫీసుగ దక్షిణ మధ్య రైల్వే పుట్టినప్పుడు నేను చిన్నపిల్లను. మా వరుసల అన్ని రకాలోళ్ళు ఉండిరి. ఒక దిక్కు తమిళపోళ్ళు, ఒక దిక్కు ముస్లింలు, ఎదురుంగ మరాఠీ ఇల్లు, పక్కనే ఆంగ్లో ఇండియన్ గార్డు కుటుంబం. గోడలు పొట్టిగ ఉండె. ఒకరింట్ల పోపు పెడితే పదిండ్లకు తెలుస్తుండె.

మా అమ్మమ్మది మెదక్ దిక్కు. కరువు కాలంల మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని చూపెట్టి, చేసినోళ్ళకు కూడు పెట్టి కట్టించిన పెద్ద చర్చి 1924 డిసెంబర్ 25న తెరిచిండ్రు గదా, అప్పటికామె చిన్నపిల్లనట. ఆమెకు క్రిస్మస్ అంటే గరిజెలు, బెల్లం అరిసెలు. బిస్కెట్ మాత్రం మా అమ్మ లాలాగూడకు కాపురానికొచ్చినంక నేర్చుకున్నది, ఆ గార్డు ఇంటి ఆంటీ దగ్గర. ఆంటీకి అమ్మ గరిజెలు నేర్పింది, అమ్మకు ఆంటీ గులాబీ పువ్వులు, కల్‌కల్స్ నేర్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వస్తుండె. ఐనా పిండి కాడ కూసుంటే ముచ్చట తెగకపోతుండె.

కల్‌కల్స్ పని మా పిల్లలదే. మైదా ముద్దను గోలీలంత చేసి, ఫోర్కు వెనుక పెట్టి బొటనవేలితోటి వత్తుకుంట చుట్టాలె. గవ్వ తీరుగ గీతలు పడ్తయి. ఫోర్కులు అందరికీ చాలకపోతుండె, ఇగ కొత్త దువ్వెన కొని కడిగి దాని మీద చుట్టేటోళ్ళం. గులాబీ పువ్వులకైతే అమ్మ ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యకపోతుండె. అచ్చును ముందు నూనెల మంచిగ కాగనియ్యాలె. కాగిన అచ్చును పిండిల ముక్కాల్ వంతే ముంచాలె. పైదాకా మునిగిందా, పిండి అచ్చును చుట్టేసుకొని ఇడువదు. మళ్ళ నూనెల పెట్టి చిన్నగ ఊపితే పువ్వు జారి తేలుతది. కొత్త అచ్చయితే ముందు రాత్రంతా నూనెల పెట్టాలె, లేకుంటే అంటుకుంటది.

ఇగ అసలు సంగతి బిస్కెట్లది. మా ఇండ్లల్ల ఓవెన్ యాడిది? బేకరీకి పోవుడే. డిసెంబర్ నడిమికి వచ్చిందంటే, పగలు బేకరోడు రొట్టెలు, ఉస్మానియా బిస్కెట్లు కాల్చుకున్నంక, రాత్రి భట్టి మనసొంటోళ్ళకు ఇచ్చేటోడు. కిలోకు ఇంతని కూలి. మైదా, చక్కెర, డాల్డా, యాలకులు మనమే కట్టుకొని పోవాలె. అమ్మ పెద్ద బేసిన్‌ల డాల్డా, చక్కెర పొడి ఏసి అరచేత్తోటి గిలకొడ్తుండె. చేతి కింద గరగర ఆగిపోయి, అంతా తెల్లగ నురుగు తీరయ్యేదాకా గిలకొట్టాలె. నాయిన డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కొని, అమ్మ చెయ్యి నొప్పి లేసినప్పుడు తాను అందుకునేటోడు. ఇనుము పట్టిన చేతులు గదా, ఆయన గిలకొడితే తొందరగ తెల్లబడుతుండె.

భట్టి కాడ ఎన్నో ఇండ్ల ట్రేలు వరుసగ ఉంటయి. కలిసిపోతే ఎవరివి ఎవరివో తెల్వదు. అందుకే ఒక్కొక్కరికి ఒక గుర్తు. మాది చిన్న గ్లాసు అంచుతోటి గుండ్రంగ కోసి, నడుమ ఫోర్కుతోటి పొడిచిన నాలుగు చుక్కలు. కొందరు సోడా మూత అద్దేటోళ్ళు. ఐనా ఒకరు కాపలా కూసోవాలె. ఆ రాత్రులు నాకు పానం. కట్టెల భట్టి వేడి, పొడుగు కట్టె తోటి ట్రేలు లోపలికి తోసే ఆ బేకరీ పెద్దాయన, పక్కన గోనె సంచుల మీద నిద్రలు ఆపుకుంట మా వాడకట్టు పిల్లలు. తెల్లారంగ డబ్బా ఎత్తుకొని ఇంటికొస్తుంటే యాలకుల వాసన మా వెంబడే నడుస్తుండె.

చక్కెర అప్పుడు రేషన్. కార్డు మీద వచ్చింది చాలదు. అమ్మ కొన్ని నెలల ముందు నుంచే చాయల చక్కెర తక్కువేసి, చెంచాడు చెంచాడు దాస్తుండె. మాకది కష్టమనిపియ్యలే. ఎందుకు దాస్తుందో తెలుసు గదా.

ఆ బిస్కెట్లల్ల సగానికంటె ఎక్కువ బయటికే పోతుండె బిడ్డా. మా అమ్మ పిండి లెక్క తియ్యకముందు పళ్ళాల లెక్క తీసేది. ఎదురింటి మరాఠీ అమ్మ గుడ్డు ముట్టది. ఆమెకని గుడ్డు లేని పిండి, కొత్త నూనె, ముందుగాల ఆమె వాటానే. గుడ్డు ముట్టిన చెయ్యి తగలొద్దని అమ్మ స్నానం చేసి మొదలుపెట్టేది. పక్క ముస్లిం ఇంట్ల నాన్నమ్మకు పండ్లు లేవు, ఆమెకు కొంచెం తక్కువ కాల్చిన మెత్తటివి ఏరి పెట్టేది. ఇంట్ల ఎవరన్న సచ్చిపోయి పండుగ లేనోళ్ళుంటే, అమ్మ పొద్దుపోయినంక తానే పోయి, తలుపు కాడ కాసేపు కూసోని ఇచ్చి వచ్చేది. పళ్ళెం మీద కప్పే అల్లిక గుడ్డ సుత ఆంటీ నేర్పిందే.

ఆ పళ్ళాలు ఖాళీగ ఎన్నడు తిరిగి రాలే. సంక్రాంతికి సకినాలు, దీపావళికి మరాఠీ ఇంటి కరంజీలు, రంజాన్‌కు షీర్ ఖుర్మా. ఆంటీ వాళ్ళు ఆస్ట్రేలియాకు ఎల్లిపోయినప్పుడు గులాబీ పువ్వుల అచ్చు మా అమ్మ చేతుల పెట్టిపోయింది. గదే ఇప్పుడు మనింట్ల ఉన్నది.

చానా భట్టీలు ఇప్పుడు కరెంటు ఓవెన్లు అయినయి. మనకూ ఇంట్లనే ఓవెన్ ఉన్నది, కాపలా అక్కర్లేదు. పని తేలికైంది, దానికి నాకు సంతోషమే. ఐతే ఎవరింటికి ఏం పోవాలెనో ఓవెన్ చెప్పదు గదా, అది మనమే కనుక్కోవాలె. రేపు పొద్దుగాల మైదా జల్లెడ పట్టుండ్రి. గుడ్డు లేని పిండి ముందు కలుపుదాం. చిన్నోడా, నువ్వు పై అంతస్తుకు పోయి, కొత్తగ వచ్చినోళ్ళు ఏం తింటరో, ఏం తినరో అడిగి రా.