తీర ఉద్యానాల విలువ సర్వేలు

సముద్రతీరంలో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఇసుకతిన్నెలు, మడ అడవులు, పగడపు దిబ్బలు, దీవులు మనుషులకు ఎంత విలువైనవో వాళ్లనే అడిగి గానీ, వాళ్ల రాకపోకలను గమనించి గానీ లెక్కగట్టే పద్ధతులన్నిటినీ తీర ఉద్యానాల విలువ సర్వేలు అంటారు. మడ కాలువలో దొరికే పీతకు సంతలో ధర ఉంది. అదే కాలువ తుఫాను ఉప్పెనను అడ్డుకుంటే దానికి ధర లేదు, ఒడ్డున కూర్చుని కొంగల గుంపును చూసిన సాయంత్రానికీ లేదు. ధర లేనిదాన్ని ప్రభుత్వ లెక్కలు సున్నాగా రాసుకుంటాయి. ఆ సున్నాను చెరిపి ఏదో ఒక అంకె రాయాలన్న ప్రయత్నం ఇరవయ్యో శతాబ్దం నడుమ అమెరికాలో మొదలైంది. ఎవరిని అడగాలి అన్న చిక్కు అప్పటినుంచీ దానితోపాటే నడుస్తోంది.

పూర్వరంగం

అమెరికాలో జాతీయ తీరంగా ప్రకటించడానికి చట్టం చేసిన మొదటి ప్రాంతం నార్త్ కరొలైనాలోని కేప్ హాటరస్. చట్టం 1937లో వచ్చింది, ఉద్యానం 1953లో ఏర్పడింది. పార్కు హద్దుల్లో చేపలు పట్టి బతికే హక్కు అక్కడి పల్లెవాసులకు ఉంటుందని చట్టంలోనే రాశారు. విహారానికి వచ్చేవాళ్లూ తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లూ తీరాన్ని ఒకే కంటితో చూడరని చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఆర్థికవేత్తలు ఈ సంగతిని పట్టించుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా నేషనల్ పార్క్ సర్వీసుకు ఒక సమస్య ఎదురైంది. ఆనకట్టలు కట్టే సంస్థలు తమ పథకాల లాభాలను డాలర్లలో చూపిస్తున్నాయి. ఉద్యానాల లాభం ఎంతో చెప్పమంటే పార్కు అధికారుల దగ్గర జవాబు లేదు. డైరెక్టర్ న్యూటన్ డ్రూరీ తరఫున పలువురు ఆర్థికవేత్తలను సలహా అడిగారు. సాధ్యం కాదన్నవాళ్లే ఎక్కువ. గణాంక శాస్త్రవేత్త హెరాల్డ్ హోటెలింగ్ మాత్రం 1947 జూన్ 18న ఒక చిన్న ఉత్తరం రాశారు. పార్కు చుట్టూ వలయాలు గీయండి, ఒక్కో వలయం నుంచి ఎంతమంది వస్తున్నారో లెక్కించండి, దూరం పెరిగేకొద్దీ ప్రయాణ ఖర్చు పెరుగుతుంది, వచ్చేవాళ్లు తగ్గుతారు, ఆ తగ్గుదలే గిరాకీ రేఖ అన్నది అందులోని సారాంశం. టికెట్ లేని చోట దారి ఖర్చునే టికెట్టుగా తీసుకోవాలన్నమాట. 1949లో వెలువడిన పార్క్ సర్వీసు నివేదిక మాత్రం ఇలాంటి లెక్క కుదరదనే తేల్చింది. హోటెలింగ్ ఉత్తరాన్ని కూడా అందులోనే చేర్చి అచ్చువేశారు. పదేళ్ల తర్వాత, 1959లో, మేరియన్ క్లాసన్ యోసెమిటీ వంటి పార్కుల సందర్శకుల లెక్కలకు ఈ ఆలోచనను అన్వయించారు. 1966లో జాక్ నెచ్‌తో కలిసి పుస్తకం రాశారు. ప్రయాణ ఖర్చు పద్ధతి అలా స్థిరపడింది.

ఈ పద్ధతిలో ఒక లోపం మొదటినుంచీ ఉంది. పార్కు పక్క ఊరివాడు నడిచి వస్తాడు, అతని ప్రయాణ ఖర్చు దాదాపు సున్నా. లెక్క పుస్తకంలో తీరాన్ని అందరికన్నా తక్కువగా విలువ కట్టినవాడు అతనే అవుతాడు.

నోటితో అడగడం

దారి ఖర్చును చూసి ఊహించడమెందుకు, నేరుగా అడగవచ్చు కదా అన్న సూచన కూడా 1947 నాటిదే. నేల సంరక్షణ గురించి రాస్తూ సిరియాసీ-వాంట్‌రప్ దాన్ని ప్రతిపాదించారు. 1963లో రాబర్ట్ డేవిస్ హార్వర్డ్ పరిశోధన కోసం మెయిన్ రాష్ట్రపు అడవుల్లో వేటగాళ్లనూ విహారానికి వచ్చినవాళ్లనూ కలిసి, ఇక్కడికి రావడానికి ఎంతదాకా ఖర్చు పెడతారని అడిగారు. 1967లో జాన్ క్రుటిల్లా ఈ ప్రశ్నను ఇంకా విస్తరించారు. ఒక అరుదైన ప్రకృతి స్థలాన్ని ఎప్పటికీ చూడబోని మనిషికి కూడా అది అక్కడ ఉందన్న తలపే సంతృప్తి ఇవ్వవచ్చు, ఆ సంతృప్తికీ విలువ ఉందని వాదించారు. దీన్నే ఉనికి విలువ అంటున్నారు. ఈ ఒక్క భావనతో, అడగదగిన జనం పార్కు గేటు దగ్గరి వరస నుంచి దేశ జనాభా అంతటికీ పెరిగిపోయారు.

ప్రశ్నను ఏ వైపునుంచి అడుగుతామన్నదీ ముఖ్యమే. పసిఫిక్ వలసదారిలోని నీటిపక్షుల వేటగాళ్ల మీద హమాక్, బ్రౌన్ చేసిన అధ్యయనం 1974లో వచ్చింది. వేటాడే అవకాశం కోసం ఎంత ఇస్తారంటే జవాబుల సగటు 247 డాలర్లు. వదులుకోవడానికి ఎంత కావాలంటే 1,044 డాలర్లు. పక్షులు అవే, మనుషులూ వాళ్లే. తీరవాసుల సంగతికి వస్తే ఈ తేడా ఇంకా పదునెక్కుతుంది. సందర్శకుడిని ‘ఎంత ఇస్తావు’ అనడం సహజమే. తన తాతలనాటి రేవులో వల వేయవద్దన్న తర్వాత మత్స్యకారుణ్ని కూడా అదే ప్రశ్న అడగడం మాత్రం న్యాయమనిపించుకోదు.

బొనెయిర్

సర్వే ఒకటి నేరుగా పాలనలోకి దిగిన ఉదాహరణగా కరీబియన్ సముద్రంలోని బొనెయిర్ దీవిని చెప్పుకుంటారు. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలను కాపాడటానికి 1979లో సముద్ర ఉద్యానం ఏర్పడింది గానీ, నడపడానికి డబ్బు లేక కొన్నేళ్లకే కుంటుపడింది. ప్రతి డైవర్ నుంచీ ఏడాదికి 10 డాలర్లు వసూలు చేద్దామన్న ప్రతిపాదన వస్తే, పర్యాటకులు పారిపోతారని వ్యాపారులు భయపడ్డారు. జాన్ డిక్సన్ బృందం 1991లో డైవర్లనే అడిగింది. రుసుము సబబేనని 92 శాతం అన్నారు. ఇవ్వడానికి సిద్ధపడ్డ సొమ్ము సగటున 27.40 డాలర్లు. 1992 నుంచి రుసుము వసూలు మొదలైంది, పార్కు తన ఖర్చు తానే పెట్టుకోగలిగింది. ఒక్కో చోట ఏడాదికి 4,000 నుంచి 6,000 డైవింగులు దాటితే పగడాలు దెబ్బతింటాయని కూడా ఆ అధ్యయనమే గుర్తించింది. డబ్బు ఇస్తామన్నవాళ్లందరినీ రానిస్తే, వాళ్లు చూడవచ్చిన పగడాలే మిగలవన్నమాట.

ఆ సర్వే అడిగింది విమానంలో వచ్చినవాళ్లను. బొనెయిర్ 2010లో నెదర్లాండ్స్‌లో ప్రత్యేక పురపాలిక అయ్యాక చేపట్టిన రెండో విడత అధ్యయనాలు ఆ కొరతను తీర్చాయి. పర్యాటకులతోపాటు దీవి నివాసులను కూడా అడిగారు, అట్లాంటిక్ అవతల నెదర్లాండ్స్‌లో ఉన్న కుటుంబాలనూ అడిగారు. అన్నీ కలిపి దీవి ప్రకృతి విలువ ఏడాదికి 10.5 కోట్ల డాలర్లని 2013లో ప్రకటించారు.

చమురు చిందిన తీరాలు

ఈ సర్వేలను విశ్వవిద్యాలయాల నుంచి కోర్టులకు లాక్కొచ్చింది చమురు. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డీజ్ నౌక అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో రాతిదిబ్బను ఢీకొంది. దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు సముద్రం పాలైంది. కెనై ఫియోర్డ్స్, కాట్మై జాతీయ ఉద్యానాల తీరాలకు కూడా ఆ తెట్టు అంటుకుంది. నష్టం లెక్కించడానికి అలాస్కా ప్రభుత్వం రిచర్డ్ కార్సన్ బృందాన్ని నియమించింది. 1991లో దేశమంతటా 1,043 మందిని ఇళ్లకు వెళ్లి అడిగారు. ఫొటోలు, పటాలు చూపించి, మళ్లీ ఇలాంటి ప్రమాదం జరగకుండా ట్యాంకర్ల వెంట రక్షణ నౌకలు నడపడానికి ఒక్కసారి చెల్లించే పన్నుకు ఓటేస్తారా అన్నారు. నడిమి జవాబు ఇంటికి సుమారు 31 డాలర్లు. దేశంలోని ఇళ్లన్నిటికీ గుణిస్తే 280 కోట్ల డాలర్లు. జవాబిచ్చినవాళ్లలో అత్యధికులు ఆ తీరాన్ని కలలో కూడా చూసినవాళ్లు కారు. నివేదిక 1992 నవంబరులో వచ్చేసరికి, అంతకు ముందు ఏడాదే సివిల్ దావా 90 కోట్ల డాలర్లకు రాజీ అయిపోయింది.

చమురు కంపెనీ కూడా తన ఆర్థికవేత్తలను దింపింది. ఆ వైపు అధ్యయనాల్లో బాగా పేరుపడింది పక్షుల ప్రశ్న. చమురు గుంటల్లో చనిపోయే వలసపక్షులను కాపాడటానికి ఎంత ఇస్తారని మూడు గుంపులను అడిగారు. 2,000 పక్షులకు సగటున 80 డాలర్లు, 20,000 పక్షులకు 78, రెండు లక్షల పక్షులకు 88. పక్షులు నూరు రెట్లు పెరిగినా డబ్బు కదల్లేదు. జనం చెబుతున్నది వస్తువు ధర కాదు, మంచిపని చేశామన్న తృప్తికి పెట్టే చందా అని డేనియల్ కానెమన్, జాక్ నెచ్ 1992లో వాదించారు. ఒకప్పుడు క్లాసన్‌తో కలిసి ఉద్యానాల విలువ గురించి పుస్తకం రాసిన నెచ్చే ఈయన.

తగువు తీర్చడానికి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో దానికి సహాధ్యక్షులు. ఆరో కొలంబియాలో హోటెలింగ్ దగ్గర చదువుకున్నవారు కావడం ఈ చరిత్రలో ఒక చిన్న ముచ్చట. 1993 జనవరిలో వచ్చిన వారి నివేదిక సర్వేలను కొట్టెయ్యలేదు, వాటికి కళ్లెం వేసింది. ఎదురుగా కూర్చుని అడగాలి, అవునా కాదా అన్న ఓటు రూపంలో అడగాలి, మీ ఇంటి ఖర్చులు మరిచిపోవద్దని గుర్తు చేయాలి, ఇలాంటి తీరాలు వేరేచోటా ఉన్నాయని చెప్పాలి. మరుసటి ఏడాదే పీటర్ డైమండ్, జెర్రీ హాస్‌మన్ ఈ పద్ధతిని ఏమాత్రం నమ్మలేమని రాశారు. ఆ వాదం ఇప్పటికీ తెగలేదు.

ఇంత చర్చలో తీరవాసుల గొంతు ఎక్కడిది? చమురు తర్వాత అలాస్కా మూలవాసి గ్రామాల్లో సీల్, చేప, గవ్వమాంసం సేకరణ బాగా పడిపోయింది. తిండికి అయిన నష్టానికి పరిహారం వచ్చింది. వేట, పంపకం, పిల్లలకు నేర్పడం అన్నీ కలిసిన తమ జీవన విధానానికే దెబ్బ తగిలిందన్న దావా మాత్రం నిలవలేదు. అది అలాస్కావాసులందరికీ ఉన్న హక్కే కాబట్టి మీకు ప్రత్యేకించి పరిహారం రాదని 1997లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. తీరం చూడని మనిషి తలపుకు కోట్లలో లెక్క తేలింది గానీ, తీరంలో పుట్టినవాళ్ల బతుకుకు కోర్టులో గడి దొరకలేదు.

విహార నష్టాన్ని లెక్కగట్టడం దీనితో పోలిస్తే తేలిక. 1990లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్ దగ్గర చిందిన చమురు కేసులో, 1997లో జ్యూరీ ఒక్కో బీచ్ సందర్శనను 13.19 డాలర్లుగా లెక్కించింది. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు నుంచి చిందిన చమురు గల్ఫ్ ఐలాండ్స్ జాతీయ తీరాన్ని తాకినప్పుడు బీచ్‌ల మీదుగా విమానాలు నడిపి మరీ జనాన్ని లెక్కబెట్టారు. 1.6 కోట్లకు పైగా విహార దినాలు పోయాయని తేలింది. దేశ ప్రజల ఉనికి విలువతో సహా ఆ చమురు వల్ల జరిగిన నష్టం 1,720 కోట్ల డాలర్లని 2017లో మరో బృందం ప్రకటించింది.

పటం మీద చుక్కలు

డాలర్ల జోలికి పోకుండా విలువను స్థలంతో ముడిపెట్టే దారి ఒకటి అదే అలాస్కాలో తెరుచుకుంది. 1998లో ప్రిన్స్ విలియం సౌండ్‌ను ఆనుకుని ఉన్న చుగాచ్ జాతీయ అడవి ప్రణాళిక కోసం గ్రెగ్ బ్రౌన్, పాట్రిక్ రీడ్ చుట్టుపక్కల జనానికి పటాలూ చుక్కల స్టిక్కర్లూ పంపారు. అందం, విహారం, జీవనాధారం, పవిత్రత వంటి విలువలు మీకు ఎక్కడ కనిపిస్తాయో అక్కడ అతికించమన్నారు. తర్వాత అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఇలాంటి జవాబులను పటాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దానితో చేసిన తీర అధ్యయనాల్లో 2012లో వచ్చిన క్వీన్స్‌లాండ్ హించిన్‌బ్రూక్ దీవి అధ్యయనం ఒకటి. అక్కడి 32 కిలోమీటర్ల కాలిబాట మీదికి ఒకేసారి 40 మందిని మించి రానివ్వరు. సర్వేలో పలికింది మాత్రం విహారానికి వచ్చినవాళ్లే.

భారత తీరం

మన తూర్పు తీరంలో తీరం విలువ ఎంతన్న ప్రశ్నకు పునాది వేసింది 1999 అక్టోబరు 29 నాటి పెనుతుఫాను. ఒడిశా కేంద్రపాడ జిల్లాలోని భితర్‌కనిక మడ అడవి 1975లో అభయారణ్యమైంది, 1998లో దాని నడిమి భాగం జాతీయ ఉద్యానమైంది. రుచి బడోలా, ఎస్.ఎ. హుస్సేన్ అక్కడి మూడు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి తుఫాను నష్టాలు రాసుకున్నారు. మడ అడవి చాటున ఉన్న పల్లెలో ఇంటికి సగటు నష్టం 33 డాలర్లు. మడా కరకట్టా రెండూ లేని పల్లెలో 44. కరకట్ట ఉండి మడ లేని పల్లెలో ఏకంగా 154. కట్ట తెగినచోట లోపలికొచ్చిన ఉప్పునీరు తిరిగి వెళ్లే దారిలేక పొలాల్లోనే నిలిచిపోయింది. 2009లో సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అదే జిల్లాలోని వందలాది గ్రామాల లెక్కలు తీసి, ముందు మడ ఎంత వెడల్పుగా ఉంటే ప్రాణనష్టం అంత తగ్గిందని చూపించారు. ‘ఎంత ఇస్తారు’ అన్న ప్రశ్నే లేకుండా స్థానికుల విలువను రాబట్టిన అధ్యయనాలివి.

పక్కనే గహిర్‌మఠ సముద్ర అభయారణ్యం. 1997లో ఏర్పడింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే వరకు అక్కడ వేట నిషేధం. తాబేలును చూడాలనుకునే ప్రపంచం ఒకవైపు, ఏడు నెలలు వల మడిచి పెట్టుకోవాల్సిన కుటుంబాలు మరోవైపు. ఒడిశా తీరంలో గంజాం నుంచి పూరీ దాకా నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారులకు తాబేళ్ల రక్షణతో వచ్చే ఇలాంటి కట్టడి కొత్తదేమీ కాదు.

ఆంధ్రలో కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సందర్శకులకు అది చెక్క వంతెన మీద నడక, పడవ షికారు, అదృష్టముంటే నీటిపిల్లి అడుగుజాడ. చుట్టూ ఉన్న పల్లెలకు పీత, రొయ్య, వంటచెరకు, పశువుల మేత. గేటు దగ్గర నిలబడి ప్రశ్నాపత్రం పంచితే మొదటి రకం జవాబులే వస్తాయి, ఎందుకంటే రెండోరకం వాళ్లు ఆ గేటు గుండా రారు, కాలువలో పడవ మీద వస్తారు.

వాళ్ల దగ్గరికి వెళ్లిన పద్ధతి వేరు. అభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్న కాలంలో, భారతీయ స్వచ్ఛంద సంస్థల చేతుల్లో రూపుదిద్దుకున్న భాగస్వామ్య గ్రామీణ అంచనా అది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1997 నుంచి గోదావరి, కృష్ణా మడ అడవుల పునరుద్ధరణలో ఊరివాళ్లను కలుపుకోవడానికి దీన్ని వాడుకుంది. ఈ పద్ధతిలో పటం కాగితం మీద ఉండదు. ఊరి నడుమ చదును చేసిన నేల మీద జనమే ముగ్గుపిండితో కాలువలూ రేవులూ మడ చెట్లూ గీస్తారు. ఏది ఎంత ముఖ్యమో చింతపిక్కలు పోసి చూపిస్తారు. ఆడవాళ్లనూ మగవాళ్లనూ వేర్వేరుగా కూర్చోబెట్టడం మామూలు, కట్టెలకు పోయేవాళ్లూ వలకు పోయేవాళ్లూ ఒకే చోట పిక్కలు పోయరు కాబట్టి.