ఇసుకలో దిద్దిన అక్షరాలు

మా అక్క కూతురికి మూడున్నరేళ్లు. ప్లేస్కూలు నుంచి రోజూ రెండు వర్క్‌షీట్లు ఇంటికొస్తాయి. చుక్కల మీద పెన్సిల్ నడిపించి అ, ఆ దిద్దాలి, ఒకటి నుంచి ఇరవై దాకా రాయాలి. దానికింకా పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడమే రాదు. మొన్నోసారి డైరీలో "పాప వెనకబడుతోంది" అని రాసి పంపారు. అక్క ఆ రాత్రి ఏడ్చింది. మా అమ్మేమో, "మా రోజుల్లో ఐదేళ్లు నిండితే గానీ పలక ముట్టనిచ్చేవాళ్లు కాదు" అంది.

పెద్దవాళ్ల "మా రోజుల్లో" మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. కానీ ఆ ఐదేళ్ల లెక్క ఎంత పాతదో చూద్దామనిపించింది. అలా వెతుక్కుంటూ బళ్లారి చేరాను.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరికీ ఒక పని పురమాయించాడు. మీ జిల్లాలో బళ్లెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్లది ఏ కులం, ఏం చదువుతున్నారు, లెక్క తీసి పంపండి అని. చాలామంది పట్టికలు నింపి చేతులు దులుపుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో, బడిలోకి వెళ్లి ఓ మూల కూర్చుని చూసినట్టుండే నివేదిక పంపాడు. ఈయన మనకి బొత్తిగా కొత్తవాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ ఈయనే. దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని ఎల్లిస్ వాదించిన వ్యాసం వచ్చింది ఆ పుస్తకంలోనే. అంటే బళ్లో పిల్లాడు ఏం దిద్దుతున్నాడో చదవగలిగిన కలెక్టరన్నమాట.

అప్పటి బళ్లారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసిందే. అందుకే ఆయన లెక్కలో కన్నడ బళ్లు 235, తెలుగు బళ్లు 226. మరాఠీ, సంస్కృతం, పారశీకం, అరవం, ఒకే ఒక్క ఇంగ్లీషు బడి, అన్నీ కలిపి 533.

చదువు మొదలయ్యేది ఐదో ఏట. పంతులుగారూ బడిపిల్లలూ అందరూ ఆ పిల్లాడి ఇంటికే వస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చుంటారు. పంతులు పక్కన కూర్చుని పిల్లాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడు. అయినవాళ్లు తమ శక్తికొద్దీ ఏదో ఇచ్చి పంపుతారు. మర్నాటి నుంచి బడి. ఇందులో మనకి తెలియందేమీ లేదు, బాసర ఫొటోల్లో ఇప్పటికీ చూస్తున్నదే. బడి మొత్తం పిల్లాడి ఇంటికి రావడం మాత్రం మనం పోగొట్టుకున్న ముచ్చట.

నన్ను ఆపేసింది ఆ తర్వాతి భాగం. యూరపులోలా అక్షరాలని పలికించి నేర్పరు, ముందు నేలమీద ఇసుకలో వేలితో రాయిస్తారు అంటాడు క్యాంబెల్. అంటే ముందు చెయ్యి, తర్వాతే నోరు. ఇసుకలో చెయ్యి తిరిగాకే పలక. ఆ పలక రాతిది కాదు. అడుగు వెడల్పూ మూడడుగుల పొడవూ ఉన్న చెక్కకి అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే తయారయ్యేది. లేదా గుడ్డకి గంజి పెట్టి, పుస్తకంలా మడతలేసి, బొగ్గూ జిగురూ పట్టించిన కడితం. రాసేది తెల్లటి బలపంతో. ఆ మాట క్యాంబెల్ ఇంగ్లీషు స్పెల్లింగులో కొంచెం వంకరపోయింది గానీ పోల్చుకోవచ్చు. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్త పలక. తాటాకూ గంటం, కాగితమూ కలమూ కూడా ఉండేవి గానీ ఆ జిల్లాలో ఎక్కువగా వాడింది ఈ రెండే.

ఇసుకలో తప్పు రాస్తే అరచేత్తో చెరిపేయొచ్చు. తప్పు మిగలదు, డైరీలోకి ఎక్కదు. వేలికి పెన్సిల్ పట్టు అక్కర్లేదు. ఐదేళ్ల చేతికి ఇంతకన్నా తేలికైన పనిముట్టు ఇంకేం ఉంటుంది?

ఇది మద్రాసులో ఇంకొకాయన కంట కూడా పడింది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1789 నుంచీ ఎగ్మోరులోని సైనికుల అనాథ పిల్లల బడి చూసేవాడు. ఊళ్లో ఓ వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బళ్లోనూ అలాగే నేర్పమన్నాడు. అక్కడి మాస్టరు కుదరదన్నాడు. బెల్ ఎనిమిదేళ్ల కుర్రాణ్ణొకణ్ణి పిలిచి చిన్నపిల్లల్ని వాడికే అప్పగించాడు. ఆ పని జరిగిపోయింది. 1797లో లండన్‌లో ఆ ప్రయోగం గురించి పుస్తకం వేశాడు. కొన్నేళ్లలోనే ఇంగ్లండు పేదపిల్లల బళ్లలో ఇసుక బల్లలు, పిల్లలే పిల్లలకి నేర్పే "మద్రాసు పద్ధతి" వచ్చేశాయి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి నేర్పడం, ఖర్చు లేకుండా రాత నేర్పడం, ఈ రెండూ ఇంగ్లండు అనుకరించదగ్గవేనని క్యాంబెల్ కూడా ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఆగిపోతే బావుండేది. వాట్సాప్‌లో తిరిగే "మన ప్రాచీన విద్య" ఫార్వర్డులు సాధారణంగా ఇక్కడే ఆగుతాయి. క్యాంబెల్ ఆగలేదు. పొద్దున్న ఆరింటికి బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా, మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. బడికి సగటున పన్నెండుమంది కాబట్టి ఆఖరున వచ్చినవాడికి పది. అంకెలు ఇలా కూడా వంటబట్టేవేమో! మొద్దబ్బాయిలకి గుంజీళ్లు, ఇంటికప్పుకి చేతులు కట్టి వేలాడదీయడం. దీన్నే మనవాళ్లు కోదండం అనేవాళ్లు, రాముడి విల్లు పేరు పెట్టి మరీ.

అక్షరాలయ్యాక గుణింతాలు, ఒత్తులు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు. తర్వాత అంకెలు, కూడికలు, ఎక్కాలు, భిన్నాలు. అప్పట్లో తెలుగు లెక్కల్లో భిన్నాలంటే నాలుగో వంతుల మీద నడిచేవి. పావు, అందులో పావు వీసం, అందులో పావు కాణి. వీటికి వేరే గుర్తులుండేవి, చివరికి 2008లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. ఆ గుర్తుల్లో సున్నకి పేరు హళ్లి. "హళ్లికి హళ్లి, సున్నకి సున్న" అని మనం ఇప్పటికీ అంటున్నది ఆ బడిపిల్లల లెక్కే.

అన్నీ నోటికొచ్చేవి, అర్థమే తెలిసేది కాదని క్యాంబెల్ ఫిర్యాదు. పద్యాలు వల్లించే పిల్లల్ని చిలకలతో పోల్చాడు. చదివించే భాషకీ మాట్లాడే భాషకీ పొంతన లేదన్నాడు. గిడుగువారు ఈ మాట కోసం ఎన్నాళ్లు పోట్లాడారో మనకి తెలుసు.

బళ్లు తగ్గిపోవడానికి కారణం కూడా దాచలేదు. ఇంగ్లండు బట్ట దిగి ఇక్కడి నేత దెబ్బతింది. ఊళ్లు పేదవైపోయాయి. కాళ్లూ చేతులూ కాస్త ఆడటం మొదలెట్టగానే పిల్లాడు పనిలోకి. ఒక కంపెనీ కలెక్టరు కంపెనీకే ఈ మాట రాయడం చిన్న సంగతి కాదు. గాంధేయవాది ధరంపాల్ 1983లో ఈ నివేదికలన్నీ పుస్తకంగా తెచ్చినప్పుడు అందర్నీ కదిలించిన పేజీలివే.

నాకు మాత్రం చూపు ఆ పట్టిక దగ్గరే నిలిచిపోతుంది. జిల్లా జనాభా 9,27,857. బళ్లలో పిల్లలు 6,641. అంటే వెయ్యిమంది జనానికి ఏడుగురు. అందులో ఆడపిల్లలు 60 మంది. బ్రాహ్మణ పిల్లలు ఇద్దరు, వైశ్యుల పిల్ల ఒకతె, శూద్రులవాళ్లు 26, "ఇతర కులాలు" 31. మగపిల్లల్లోనూ సగానికి దగ్గరగా, 2,998 మంది, శూద్రులే. బడి బ్రాహ్మణులదే అనేవాళ్లకీ, అందరిదీ అనేవాళ్లకీ ఈ పట్టిక సమానంగా ఇబ్బందే.

బడికి రానివాళ్లంతా చదువు రానివాళ్లు కాదు. మద్రాసు నగరంలో ఇళ్ల దగ్గర నేర్చుకునే పిల్లలు 26,963 అని లెక్క వచ్చింది. అది బళ్లలో ఉన్నవాళ్లకి దాదాపు ఐదింతలు. మన్రోకే నమ్మకం కుదరక అందులో ఏదో పొరపాటు ఉందనుకున్నాడు. బళ్లారి పట్టికలో మాత్రం ఇంటి చదువుకి గడే లేదు.

మా తాతమ్మది ఆదోని దగ్గర పల్లె, అదీ ఒకప్పటి బళ్లారి జిల్లానే. ఆవిడకి ఒక్క అక్షరం రాదు, ఎక్కడైనా వేలిముద్రే. కానీ వేరుశనక్కాయలు అమ్మినప్పుడు వీసాలూ పావులూ ముప్పావులూ వేళ్ల కణుపుల మీదే కట్టి, షావుకారు కలం ఎత్తేలోపు మొత్తం చెప్పేసేదట. ఆవిడకి ఆ లెక్క ఎవరు నేర్పారని అమ్మని అడిగాను. "అదేం ప్రశ్నరా, ఎవరూ అడగలేదు" అంది.