పెండ్లి ఛాయాచిత్రములు – లెన్సుల యెన్నిక

మన గ్రంథాలయ రజతోత్సవ ప్రదర్శనమునకై పాత పెండ్లి ఫొటోలు సేకరించునపుడు, హైదరాబాదు చిక్కడపల్లిలోని మా బంధువుల యింటినుండి యొకటి వచ్చినది. నడుమ వధూవరులును, కుర్చీలలోని పెద్దలును కనురెప్పలతో సహా కనబడుచున్నారు. వరుస చివర నిలిచిన మా మేనత్త ముఖము మాత్రము తడిసిన సిరావలె అలికికొని పోయినది. ఆమెకు వేఱొక ఫొటో లేదు. ఆమె తల కదల్చినదని యింటివారు చెప్పుకొనుచు వచ్చిరి. కాని ఆమె ప్రక్కవారును, అవతలి యంచున నున్న పిల్లవాడును అట్లే యున్నారు. అందఱును ఒక్కసారి కదలిరనుట నమ్మదగినది కాదు. ఇది లెన్సు చేసిన పని యని నా తలంపు.

1839లో ఫ్రాన్సున డాగ్యూరు పద్ధతి వెల్లడియైనపుడు బొమ్మ పడుటకు నిమిషముల కొలది కాలము పట్టెడిది. భవనములు కదలవు గాని మనుష్యులు కదలుదురు. 1840లో వియన్నాలోని గణితాచార్యుడు జోసెఫ్ పెట్స్‌వాల్ ముఖచిత్రములకై యొక లెన్సును లెక్కకట్టి రూపొందించెను. ఆ లెక్కలలో ఫిరంగిదళమువారు సాయపడిరట! దానిని తయారుచేసిన ఫోయిక్ట్‌లెండరుతో ఆయనకు పిమ్మట తగవు వచ్చెను. వెనుకటి లెన్సులకంటె పదిరెట్లకు మించిన వెలుతురు వచ్చుటచే కూర్చున్న మనిషి ముఖమును తీయుట సుకరమాయెను. అయితే నడుమ నెంత స్పష్టమో అంచుల నంత మసక. ఒంటి ముఖమునకు ఆ మసక అందమే. ఇరువదిమంది వరుసకు మాత్రము అది పనికిరాదు.

1866లో ఇంగ్లండున డాల్‌మేయరును, జర్మనీలో స్టైన్‌హైలును, ముందువెనుకల ఒకే తీరు అద్దములు గల లెన్సులను వేర్వేరుగ వెలువరించిరి. వీనిలో అంచులును తేటగ వచ్చును. కాని వెలుతురు పెట్స్‌వాల్ లెన్సులో సుమారు ఐదవ వంతే. అందుచే గుంపంతయు ఐదింతల సేపు కదలక నిలువవలెను. కనుక ముఖమున కొకటి, గుంపున కొకటి యని రెండు లెన్సులు కావలసివచ్చెను. ఒక్కదానితోనే అన్ని పనులు జరుపుకొన్నవాడెవడో మా మేనత్త ఫొటో తీసియుండును.

హైదరాబాదున ఈ కళకు పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఘోషా స్త్రీలు పరపురుషుని కెమెరా యెదుట కూర్చుండరు గనుక 1892లో వారికై ప్రత్యేకముగ జనానా స్టూడియో తెఱచి, కెన్నీ లెవిక్ అను ఆంగ్ల స్త్రీకి అప్పగించెను. స్టూడియోలో దూరమును వెలుతురును తీయువారి చేతిలోనివి. పెండ్లింట రెండును చేతిలోనివి కావు.

చిక్కడపల్లి, నారాయణగూడల యిండ్లలో నేటి చిక్కు ఆ దూరమే. 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు సరిపోవు కెమెరాలలో ముఖమునకు 85 మిల్లీమీటర్ల లెన్సు మేలందురు. తల, భుజముల వఱకు తీయుటకు ఐదడుగుల దూరము చాలును. నిలువెత్తు మనిషికి పదునైదడుగులు కావలయును. 50 మిల్లీమీటర్లదైనచో తొమ్మిది చాలును. వెడల్పు లెన్సుతో రెండడుగుల దగ్గఱకు పోయినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. ఇది లెన్సు దోషము కాదు, దగ్గఱతనపు ఫలము. దుకాణములలో ఈ మాట ఎవరును చెప్పరు.

మొన్న అశోకనగరములో మా యింటి పెండ్లికూతురును చేసిన గది పండ్రెండడుగులే. ఫొటోగ్రాఫరు రెండు కెమెరాలు తెచ్చెను. తలపై అక్షతలు వేయునపుడు 85తో ముఖములు తీసెను. బంధువులందఱి ఫొటోకు మాత్రము గోడకు వీపానించి 28 మిల్లీమీటర్లది పట్టెను. దానిలో అంచులు మసక పట్టవు, ముఖములు ప్రక్కకు సాగును. ఆ సంగతి యడిగి తెలిసికొని, వరుస చివర నిలిచిన మా పెద్దమ్మను నడిమి కుర్చీకి తెచ్చి, అంచులకు కుఱ్ఱవాండ్రను పంపితిమి.