నూట ఇరవయ్యొక్క రూపాయల రైలు

2025 మార్చిలో రైల్వే మంత్రి రాజ్యసభలో ఒక లెక్క చెప్పారు. 350 కిలోమీటర్ల ప్రయాణానికి మన దేశంలో జనరల్ టికెట్టు 121 రూపాయలు. అదే దూరానికి బంగ్లాదేశ్‌లో 323, శ్రీలంకలో 413, పాకిస్తాన్‌లో 436. యూరప్ సంగతి సరేసరి, ఎన్నో రెట్లు. ఒక మనిషిని ఒక కిలోమీటరు మోయడానికి రైల్వేకి రూపాయి ముప్ఫై ఎనిమిది పైసలు ఖర్చవుతుంటే 73 పైసలే తీసుకుంటున్నామని, మిగిలిన 47 శాతం రాయితీ అనీ ఆయన అన్నారు.

350 కిలోమీటర్లంటే దాదాపు విశాఖపట్నం నుంచి విజయవాడ. పని వెతుక్కుంటూ దక్షిణానికి పోయే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనం జనరల్ పెట్టెలో నిలబడో, తలుపు దగ్గర కూర్చునో చేసే ప్రయాణంలో అది ఒక ముక్క. అంకెలతో నాకు పేచీ లేదు. పేచీ కొలబద్దతోనే. వేరే దేశాల టికెట్టుని రూపాయల్లోకి మార్చి పక్కపక్కన పెడితే మనం గెలిచినట్టే కనిపిస్తుంది. కూలి గంటల్లోకి మార్చి చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2025–26కి ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఎనిమిది గంటల పనిదినం అనుకుంటే 121 రూపాయలు మూడు గంటల పైచిలుకు కష్టం. అదే 2025లో జర్మనీలో కనీస వేతనం గంటకి 12.82 యూరోలు. ఆ ఏడాది అక్కడ 58 యూరోలు పెడితే నెలంతా దేశంలో ఏ ప్రాంతీయ రైలైనా, సిటీ బస్సైనా, ట్రామైనా ఎక్కగలిగేవాళ్ళు. అంటే నాలుగున్నర గంటల కూలికి నెల పొడుగునా ప్రయాణం. జపాన్‌లో టోక్యో నుంచి ఒసాకాకి షింకాన్‌సెన్ టికెట్టు సుమారు 14 వేల యెన్‌లు. టోక్యో కనీస వేతనం 2024 అక్టోబరులో గంటకి 1,163 యెన్‌లైంది. పన్నెండు గంటల కష్టం. ఈ కొలబద్ద మీద జర్మనీ మనకంటే చవక, జపాన్ బాగా ఖరీదు. పోనీ జర్మనీ స్వర్గమా అంటే, 2024లో వాళ్ళ దూరప్రయాణపు రైళ్ళలో వేళకి చేరినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కేయకుండా. కాబట్టి ఈ పోలికల్లో ఎవరికి కావలసిన అంకె వాళ్ళకి దొరుకుతుంది.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మా ప్రాంతంలో రైలు టికెట్టు చవక అనేది ఒక చారిత్రక ఫలితం. ఆ మిగతా 47 శాతం ఎవరు కడుతున్నారు, దానికి బదులుగా ఏం పట్టుకుపోతున్నారు?

కాస్త వెనక్కి వెళ్తాను. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీకి వెళ్ళి, తిరుగుదారిలో ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పల్లకీ, బోయీలు, వెంట పెద్ద పరివారం. పదిహేను నెలలు. ‘కాశీయాత్ర చరిత్ర’ని భక్తి పుస్తకంగా చదివేవాళ్ళున్నారు గానీ, నాకు అది తెలుగులో ప్రయాణపు ఖర్చూ కష్టం గురించి వచ్చిన మొదటి పెద్ద నివేదిక. అరవయ్యేళ్ళ తర్వాత కూడా మా వైపు పరిస్థితి పెద్దగా మారలేదు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు ఆ ఊరికి ఇంకా రైలు లేదు. గిరీశం ఎడ్లబండిలో పోతూ బండివాడికి కాంగ్రెసు గురించి గంటల తరబడి ఉపన్యాసం దంచగలిగాడంటే, బండి నడక అంత నెమ్మది కాబట్టే. అంతా విన్న బండివాడు అడిగింది ఒక్కటే: తమ ఊరి హెడ్ కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారని. దేశాల మధ్య టికెట్టు పోలికలు విన్నప్పుడల్లా నాకు ఆ బండివాడే గుర్తొస్తాడు.

1893–96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా దాదాపు 1,287 కిలోమీటర్ల ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేశారు. వెనకాల 1866 నాటి కరువు ఉంది. ఒరిస్సా, గంజాం జిల్లాల్లో జనం చచ్చిపోతుంటే ధాన్యం చేర్చే దారి లేకపోయింది. 1880 నాటి కరువు కమిషన్ రైళ్ళు వేయాలని గట్టిగా చెప్పింది. ఆ వాదన అబద్ధం కాదు. డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆర్థికవేత్త బ్రిటిష్ ఇండియా జిల్లాల లెక్కలు తవ్వి, రైలు వచ్చిన చోట వ్యవసాయపు నిజ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని తేల్చాడు. రైలు మనల్ని దోచుకోవడానికే వచ్చిందని ఒక్క ముక్కలో తీసిపారేసేవాళ్ళతో అందుకే నేను ఏకీభవించను.

అయితే ఆ లైను గురి మద్రాసు, కలకత్తా. మధ్యలో ఊళ్ళు తగిలితే తగిలాయి, లేకపోతే లేదు. సన్న మస్లిన్ గుడ్డకి పేరుపడ్డ చికాకోల్ పట్టణానికి రైలు రాలేదు. డజను కిలోమీటర్ల అవతల ఆమదాలవలసలో స్టేషను కట్టి ‘చికాకోల్ రోడ్’ అని పేరు పెట్టారు. రైల్వే భాషలో ‘రోడ్’ అంటే ఊరు ఇక్కడ లేదు, ఊరికి పోయే రోడ్డు మాత్రం ఉంది అని అర్థం. నూట పాతికేళ్ళు దాటాయి, జిల్లా కేంద్రానికి ఇప్పటికీ అది ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషనే.

1901–02లో ఈ లైనుని వాల్తేరు దగ్గర రెండు ముక్కలు చేసి, దక్షిణం వైపు మద్రాసు రైల్వేకి, ఉత్తరం వైపు బెంగాల్ నాగపూర్ రైల్వేకి ఇచ్చారు. మా రెండు జిల్లాలూ అలా కలకత్తా గార్డెన్ రీచ్ ఆఫీసు చేతికి పోయాయి. ఆ కంపెనీ చూపు సరుకు మీద. విజయనగరం చుట్టుపక్కల మాంగనీసు తవ్వకం 1890లలోనే మొదలైంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికి వచ్చిన లైను 1931లో రాయపూర్‌ని కలిసింది, 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. ఆ రెండు తేదీలు పక్కపక్కన పడటం కాకతాళీయం కాదు. మధ్య పరగణాల ఖనిజానికి సముద్రం కావాలి. స్వతంత్రం వచ్చాక కూడా అదే వరస: 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి కొండలెక్కి కిరండూల్ దాకా లైను. ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతం, శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని మీద పగలూ రాత్రీ నడిచేవి ఖనిజం రేకులు. అరకు చూడబోయే మనం ఎక్కే పాసింజరు వాటి మధ్య సందు చూసుకుని పోతుంది.

మనుషుల కోసం వేసిన లైను ఒకటుంది మా దగ్గర. పర్లాకిమిడి రాజా తన రాజధానిని మెయిన్ లైనుతో కలపడానికి నౌపడ నుంచి రెండున్నర అడుగుల గేజి మీద పాతిక మైళ్ళు వేయించాడు. ఖర్చు సుమారు ఏడు లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. నౌపడ ఉప్పు కొటార్ల దగ్గర బయల్దేరి, టెక్కలి, పాతపట్నం మీదుగా వెళ్ళే చిన్న బండి. మొదటి పదేళ్ళూ నష్టమే, తర్వాత కాస్త లాభం. 1931 నాటికి గుణుపురం దాకా పెరిగింది. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజి చేసి, 2010–11లో మళ్ళీ తెరిచారు.

దీన్ని స్విట్జర్లాండ్‌లో రేటియన్ రైల్వేతో పోల్చి చూడాలనిపిస్తుంది. దాని అల్బులా మార్గం 1903–04లో తెరిచారు, అంటే మన పర్లాకిమిడి బండికి ఈడు. అది మీటర్ గేజి, ఇప్పటికీ మీటర్ గేజే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. కానీ అసలు విశేషం యునెస్కో కాదు, గంట గంటకీ రైలుండటం. పట్టాల వెడల్పు మార్చలేదు, టైంటేబుల్ మార్చారు. మనం పట్టాల వెడల్పు మార్చాం. రైళ్ళు మాత్రం ఇప్పటికీ రోజుకి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్విస్ ప్రభుత్వాలు ఆ సర్వీసుకి డబ్బు కడతాయి, కట్టినందుకు ఇన్ని రైళ్ళు ఇన్ని గంటలకి నడపాలని రాయించుకుంటాయి. ఇక్కడ రాయితీ ఉంది, రాతకోతలు లేవు.

పాతపట్నం పేరు వచ్చింది గనక ఒక మాట. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని కట్టి, 1928 సమ్మె నడిపాడు. 1952లో ఆయన మొదటి లోక్‌సభకి గెలిచింది పాతపట్నం నుంచే. రైల్వే కూలీ గురించి మాట్లాడిన మనిషిని రాష్ట్రపతి భవన్ దాకా పంపిన జిల్లా అది. రైలెక్కే కూలీ గురించి అంత గట్టిగా మాట్లాడిన గొంతు మాత్రం నాకు మా వైపు చరిత్రలో కనబడలేదు.

ఆ మాట జాతీయ స్థాయిలో గాంధీ అన్నాడు. 1917లో బొంబాయి నుంచి మద్రాసుకి 13 రూపాయల 9 అణాలిచ్చి మూడో తరగతిలో వెళ్ళి, మొదటి తరగతి చార్జీ ఐదు రెట్ల పైన ఉంది సరే, మూడో తరగతి వాడికి అందులో ఐదో వంతు, కనీసం పదో వంతు సౌకర్యమైనా దక్కుతోందా అని అడిగాడు. అప్పట్లో ప్రయాణికుల రాబడిలో సింహభాగం మూడో తరగతిదే. అంటే కిక్కిరిసిన పెట్టె మెత్తటి పరుపుల పెట్టెని పోషించేది. 1974లో మూడో తరగతి అన్న పేరు తీసేశారు. గాంధీ నిష్పత్తి ఇప్పుడెంతో లెక్కేశాను: 2023 జనవరిలో మొదలైన విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్‌లో మామూలు సీటు సుమారు 1,700, అదే దారిలో జనరల్ టికెట్టుకి ఏడెనిమిది రెట్లు. ఉపాధి హామీ కూలితో కొలిస్తే ఐదున్నర రోజులు.

ఇప్పుడు పోషకుడు మారాడు. రైల్వే రాబడిలో దాదాపు మూడింట రెండు వంతులు సరుకు రవాణాదే. బొగ్గు, ఖనిజం ఎక్కువ కట్టి మన టికెట్టుని చవక చేస్తున్నాయి. మంచిదే కదా? నా వృత్తి సాఫ్ట్‌వేర్. అక్కడ రెండు కొలతలు వేర్వేరుగా చూస్తాం: మొత్తం ఎంత పని జరిగింది అనే త్రూపుట్, ఒక్క పనికి ఎంతసేపు పట్టింది అనే లేటెన్సీ. బొగ్గుకి లేటెన్సీ పట్టదు, రేపు చేరినా అదే బొగ్గు. మనిషికి అదే ప్రాణం. డబ్బు కట్టేది బొగ్గు అయినప్పుడు వ్యవస్థ బొగ్గు కొలతకే అలవాటు పడుతుంది. లూప్ లైన్లో ఆగేది పాసింజరు. గరివిడి దగ్గర ఉండే మా చిన్నాన్న దీన్ని నాకంటే పొట్టిగా చెప్పాడు: “టిక్కెట్టు డబ్బుల్దేటుందిరా, రోజు పోతాది కదా.” రోజు పోవడమంటే 307 రూపాయలు పోవడం. ఉద్దానం కిడ్నీ రోగులు పలాస, సోంపేట స్టేషన్లలో ఎక్కి విశాఖ కేజీహెచ్‌కి ఏళ్ళ తరబడి తిరిగారు, తోడు వచ్చిన మనిషి కూలితో సహా పోగొట్టుకుంటూ. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి తెరిచారు.

చవక అన్నది కూడా ఖాయమేం కాదు. కోవిడ్ తర్వాత పాసింజర్లకి ‘స్పెషల్’ అని పేరు మార్చి, కనీస చార్జీని పది నుంచి ముప్ఫై రూపాయలు చేశారు. అదే బండి, అవే స్టేషన్లు. 2024 ఫిబ్రవరి దాకా అలాగే నడిచింది. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్ళీ రాలేదు.

2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం, కంటకాపల్లి–అలమండ మధ్య నెమ్మదిగా పోతున్న విశాఖ–పలాస పాసింజరుని వెనకనుంచి విశాఖ–రాయగడ పాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. రెండూ ఆ దారిలో అతి చవక బళ్ళే. ఢీకొనకుండా ఆపే కవచ్ ఆ లైను మీద లేదు. షింకాన్‌సెన్‌లో 1964 నుంచి ఇప్పటిదాకా ఢీకొనిగానీ పట్టాలు తప్పిగానీ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. దానికి వాళ్ళు పన్నెండు గంటల కూలి పెడుతున్నారు. అదే జపాన్‌లో మామూలు లైను మీద, 2005 ఏప్రిల్లో అమగసాకి దగ్గర, ఒకటిన్నర నిమిషం ఆలస్యాన్ని పూడ్చుకోబోయి వేగంగా మలుపు తిరిగిన బండి 107 మందిని బలి తీసుకుంది. కాబట్టి జపాన్ మనిషి మంచివాడు, మన మనిషి నిర్లక్ష్యం అనే కబుర్లు నాకు నచ్చవు. భద్రత కూడా టికెట్టులో ఒక భాగమే, ఆ వాటా ఎవరో ఒకరు కట్టాలి. 121 రూపాయల లెక్కలో అది కనబడదు.

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. అప్పటి నుంచి చర్చంతా కొత్తవలస–కిరండూల్ ఖనిజం రాబడి ఎవరి ఖాతాలో పడాలన్న దాని మీదే. పాసింజర్లు ఎన్ని, ఏ వేళకి అనే మాట ఆ గొడవలో వినపడలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం గీత గీసింది. ఖనిజం లైను రాయగడ డివిజన్‌కి, అంటే తూర్పు కోస్తా జోన్‌కి పోయింది. నౌపడ లైనుని కూడా కోశారు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖ డివిజన్, అక్కడి నుంచి గుణుపురం దాకా రాయగడ డివిజన్. 1900లో రాజావారి పట్టాలు ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడే. టెక్కలిలో గుణుపురం బండి ఎక్కే మనిషికి ఇక రెండు జోన్ల ఆఫీసులు మాట్లాడుకుని టైంటేబుల్ వేయాలి.